గంజి పొడి అనుకున్నాం

ఆ కబురు మొదట నాకు చెప్పింది మా కోడలు. పొద్దున్నే దీపం పెట్టుకుని, ఇంకో తెల్లవారు చూపించినందుకు చౌడమ్మ తల్లికి రోజూ చెప్పుకునే నాలుగు మాటలు చెప్పుకుని లేవబోతుంటే, ఫోను చేతిలో పట్టుకుని దేవుని గది గడప అవతల నిలబడి, "అత్తా, బద్వేలు మామ వాళ్ల మనవరాలిని కర్నూలు నించి ఇంటికి పిల్చకచ్చినారంట. సదువు మాన్పించినట్టే" అంది.

బద్వేలు మామ అంటే నా తమ్ముడు. ఆ పిల్ల వాడి కొడుకు కూతురు, కర్నూలులో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఇంటర్‌లో ఉన్నప్పటి నుంచి దానికి మోచేతుల మీద, మోకాళ్ల మీద, తలలో ఎర్రగా మచ్చలు లేచి పైన తెల్లటి పొలుసు కడుతుంది. ఇప్పుడు దాన్ని సోరియాసిస్ అంటున్నారు. మందులు వాడితే తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. ఈసారి తమ్ముడే వెంట ఉండి చర్మం డాక్టరు దగ్గరికి తీసుకుపోతే, ఆయన ముందు మచ్చలు చూసి, తర్వాత ఆ పిల్లను నిద్ర పడుతోందా, స్నేహితులతో కలిసి తింటున్నావా అని అడిగాడట. అంతే, అది అక్కడే బల్ల మీద తల పెట్టి ఏడ్చేసిందట. చర్మానికి మందు రాసిచ్చి, మనసు డాక్టరును కూడా ఒకసారి కలవండి, ఈ జబ్బు ఉన్నవాళ్లలో చాలామందికి లోపల దిగులు పట్టుకుంటుంది అని ఆయన మర్యాదగానే చెప్పాడట. మా తమ్ముడు వచ్చినవాళ్లందరి ముందు ఆయన మీద అరిచి, పిల్లను చెయ్యి పట్టుకుని నేరుగా బస్టాండుకు లాక్కొచ్చాడు. ఇంటికి వచ్చిన దగ్గర నుంచి అది గది తలుపు వేసుకుని, ఈ ఎండల్లో కూడా మణికట్టు దాకా చేతులున్న చొక్కా వేసుకుని, తన కంచం తనే కడుక్కుని తన మంచం కింద పెట్టుకుంటోందని కోడలు చెప్పింది.

వెంటనే తమ్ముడికి ఫోను చేశాను.

"ఏమప్పా, బిడ్డను యాల పిల్చకచ్చినావు?"

"ఇంకేం జేయమంటావుక్కా? తోలు జబ్బని పోతే తల జబ్బు అంటగడతాండారు. రేప్పొద్దున సంబంధమోళ్లు అడిగితే ఏం జెప్పల్ల? మనింట్లో తిక్కోళ్లు ఎవురూ ల్యారు."

ఫోను పెట్టేశాను. నాకు కోపం రాదని మా ఇంట్లో అందరూ అనుకుంటారు. దేవుడు ఇచ్చినదానికి దండం పెట్టుకుంటూ కూర్చునే ముసలిది అని వాళ్ల లెక్క. ఆ రోజు మాత్రం వచ్చింది. ఎందుకంటే తమ్ముడు అన్న ఆ మాట నేను చిన్నప్పుడే ఒకసారి విన్నాను, ఇంచుమించు అవే మాటల్లో, కర్నూలులోనే ఒక ఆసుపత్రి వరండాలో, మా నాయన నోట. తమ్ముడు అప్పటికి ఉయ్యాలలో ఉన్నాడు. వాడికి తెలియదు. తెలిసినవాళ్లలో బతికున్నది నేనొక్కదాన్నే కాబట్టి ఇది రాస్తున్నాను.

మాది బద్వేలుకు కొంత దూరంలో ఉండే మగ్గాల ఊరు. నేను బడికి పోలేదు. మా ఇంట్లో ఆడపిల్లలు రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టడానికే పుట్టినట్టు ఉండేది. నాకు అక్షరాలు నేర్పింది మా మేనత్త, మా నాయనకు ఒక్కగానొక్క చెల్లెలు. ఆమె కూడా బడి ముఖం చూసింది కాదు, గుడిలో పురాణం చెప్పే అయ్యవారి వెనక కూర్చుని, ఆయన పుస్తకంలోకి తొంగి చూసి నేర్చుకుందట. ఇంట్లో పలకా బలపమూ లేకపోతే ఆమె గంజి గిన్నెలో వేలు ముంచి మా పడసాలలోని నల్లటి కడప బండ మీద రాసేది. రాసినప్పుడు ఏమీ కనబడదు, తడి మాత్రమే. కాసేపు ఆగితే ఆరిపోయి తెల్లగా అక్షరం లేస్తుంది. అది లేచేదాకా నేను ఊపిరి బిగబట్టి చూస్తూ ఉంటే, ఆమె మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తూనే ఓరగా చూసి, "లేచినాదా? యేమక్షరమో జెప్పు" అనేది. ఇవాళ నేను ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే, రోజూ పొద్దున నా అంతట నేను స్తోత్రం చదువుకోగలుగుతున్నానంటే, అదంతా ఆ బండ మీద లేచిన తెలుపే.

గంజి గురించి చెప్పకపోతే ఈ కథ మీకు అర్థం కాదు. మగ్గాల ఊళ్లలో పుట్టినవాళ్లయితే మీకు తెలిసే ఉంటుంది. పడుగు, అంటే చీర పొడుగునా నిలువుగా పోయే పోగులన్నీ, మగ్గానికి ఎక్కించే ముందు గంజి పట్టించాలి, లేకపోతే నేసేటప్పుడు తెగిపోతాయి. అంత పొడుగు పడుగు ఇంట్లో పట్టదు కాబట్టి తెల్లవారుతుండగానే వీధి పొడుగునా చాపి, వెదురు కర్రల మీద నిలబెట్టి, బియ్యపు గంజిలో కాస్త నూనె కలిపి పెద్ద కుంచెలతో ఇటు నుంచి ఒకరు అటు నుంచి ఒకరు దువ్వుకుంటూ పోయేవాళ్లు. మిగిలినవాళ్లు అటూ ఇటూ నిలబడి అంటుకున్న పోగులు విడదీయాలి, తెగినవి ముడివేయాలి. ఎండ ముదిరేలోపు అయిపోవాలి. ఆలస్యమైతే గంజి ఆరిపోయి పోగుకు పోగు అతుక్కుని పడుగంతా కట్టెలా బిగుసుకుపోతుంది, ఇక ఎందుకూ పనికిరాదు. అది ఒక ఇంటివాళ్లతో అయ్యే పని కాదు. అందుకే ఎవరింటి పడుగు బయటికి వచ్చినా వీధిలో అందరూ వచ్చేవాళ్లు. కూలి లేదు, పిలుపు లేదు. పని అయ్యాక ఆ ఇంటివాళ్లు అందరికీ సంగటి పెట్టేవాళ్లు. రాకపోవడం అనేది ఉండేదే కాదు. మా అత్త కుంచె పట్టిందంటే పోగు మీద పోగు పడేది కాదని, పడుగు సాఫుగా దువ్విన తల మాదిరి ఉండేదని వీధిలో పేరు. ఎదురింటి పెద్దమ్మ, మాకు దూరపు చుట్టం, ఆమె కూడా తన పడుగు రోజున "ఒసే, నీ కుంచె పడితేనే నాకు నమ్మకం, రాయే" అని మా గుమ్మం దగ్గరికి వచ్చి కేకేసేది.

గంజి పట్టినవాళ్ల మోచేతులు ఎప్పుడూ తెల్లగానే ఉంటాయి. నేసేటప్పుడు ఆరిన గంజి పొడిగా రాలి ఒళ్లో, మగ్గం గుంతలో, జుట్టులో పడుతుంది. అందుకే అత్త మోచేతుల మీద తెల్లగా పొలుసు కడుతుంటే ఇంట్లో ఒక్కరికీ అనుమానం రాలేదు. గంజి సరిగ్గా కడుక్కోవడం లేదని మా జేజి, అంటే నాయన తల్లి, ఆమెను తిట్టేది. తిట్టి ఊరుకోలేదు. వారం వారం తలంటేటప్పుడు టెంకాయ పీచు తీసుకుని ఆ చేతులు బలంగా రుద్దేది. రక్తం చెమర్చేది. రుద్దిన చోట ఇంకా మందంగా కట్టేది. మరీ మురికిగా తయారవుతోందని జేజి ఇంకా గట్టిగా రుద్దేది. అత్త పళ్లు బిగించి కూర్చునేది. ఆమెకూ అది గంజే అనిపించింది పాపం. తన ఒంటి మీది తెలుపు తన పని మురికే అని ఏడాదికి పైగా నమ్మింది. ఇలాంటి పొరపాటు ఇంకే ఇంట్లోనూ జరిగి ఉండదు, గంజిలో బతికే మా ఇళ్లల్లో తప్ప.

తర్వాత ఒక కార్తీకంలో ముసురు పట్టింది. మా వైపు వాన ఒక పండగ, కానీ ముసురు పడితే వీధిలో పడుగు వేయలేరు. ఎన్నో రోజులు ఇంట్లో గంజి కాచలేదు, మగ్గం ఆగిపోయింది. ఒక పొద్దున నేను అత్త పడుకున్న చాప చుట్టి తీస్తే కింద నల్ల బండ మీద తెల్లగా పొడి. జేజి ఊడవడానికి వంగి, చీపురు పక్కన పెట్టి, వేలితో అద్ది చూసింది. వాసన చూసింది. గంజి కాదు. ఆమె అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. రుద్దిన తన చేతుల వైపే చూసుకుంది.

ఈ సంగతి ఎదురింటి పెద్దమ్మకు ఎలా తెలిసిందో నాకు తెలియదు. తెలిసిన తర్వాత ఎవరికి తెలియలేదో అదీ తెలియదు. కుష్టు అన్నారు. కాదు పాము దోషం అన్నారు. అత్తకు కుదిరిన రాయచోటి సంబంధం వాళ్లు అప్పటికే తాంబూలాలు పుచ్చుకుని ఉన్నారు, మనిషితో తిప్పి పంపారు. జాతరలో చౌడమ్మకు పిండితో చేసే జ్యోతికి బియ్యం విసిరే ఆడవాళ్లలో అత్త ఉండేది, ఆ ఏడు ఆమె తిరగలి పిడి పట్టుకోబోతే పక్కావిడ పిడి మీద తన చెయ్యి వేసి తియ్యలేదు, అంతే, ఒక్క మాటా అనలేదు. అనకుండా చేసిన పనులే ఎక్కువ.

ముసురు వెళ్లిపోయాక మా పడుగు రోజు వచ్చింది. నాయన తెల్లవారకముందే కర్రలు పాతాడు, అమ్మ గంజి కాచింది. పడుగు చాపారు. అత్త కుంచె తీసుకుని నిలబడింది. వీధిలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. కాసేపటికి తెరుచుకున్నాయి, ఆడవాళ్లూ మగవాళ్లూ అరుగుల మీదికి వచ్చి కూర్చున్నారు, తిరునాళ్ల చూసినట్టు. నాయన ఒక్కడే అటు కుంచె, అత్త ఇటు కుంచె. అమ్మా జేజీ నేనూ పోగులు విడదీస్తూ అటూ ఇటూ పరుగెత్తుతున్నాం. ఎండ ఎక్కుతోంది.

"అంత పడుగు మీ యింటోళ్లతో ఏమైతాది లేప్పా" అన్నాడు ఒకాయన అరుగు మీద నుంచి.

"మీరు దిగితే అయితాది" అన్నాడు నాయన.

ఎదురింటి పెద్దమ్మ తమలపాకు మడుస్తూ, "మేం దిగుతాం, దిగమని యెవరన్నారు? ఆ పిల్లను లోపలికి బొమ్మను. ఆ చేతులు దువ్విన నూలు గుడ్డై రేపు యెవురింట్లో బాలింత కట్టుకుంటాదో. నీకు సెల్లెలు, మాకేమి?" అంది.

"నిన్నటిదాకా ఈ చేతులే గావల్ల నీకు" అని మా అమ్మ అంది. నాయన అమ్మ వైపు కోపంగా చూశాడు.

ఆ రోజు పడుగు పోయింది. నా కళ్ల ముందే గంజి ఆరి, పోగులన్నీ ఒకటై, వీధి మధ్యలో చచ్చిన పాములా బిగుసుకుపోయింది. అత్త చివరిదాకా కుంచె ఆపలేదు. ఆరిపోయిన దాని మీద కూడా దువ్వుతూనే ఉంది.

ఆ సాయంత్రం నాయన అరుగుల దగ్గరికి వెళ్లి మాట్లాడి వచ్చాడు. ఏం మాట్లాడాడో ఎవరూ మాకు చెప్పలేదు. తర్వాతి పడుగుకు వీధంతా దిగింది, పెద్దమ్మతో సహా, నవ్వుకుంటూ, పరాచికాలాడుకుంటూ. అత్త లోపల వెనక గదిలో ఉంది. వీధి చేతులు మాకు అలా దొరికాయి. సంగటి అందరూ తిన్నారు. నేను మా నాయనకు ఎన్నింటికో రుణపడి ఉన్నాను, మంచివాడు, నన్ను ఒక్క దెబ్బ కొట్టి ఎరుగడు, కానీ ఈ ఒక్కదానికి ఆయనను ఈనాటికీ క్షమించలేదు, దేవుని ముందు కూర్చుని కూడా.

అప్పటి నుంచి అత్త నెమ్మదిగా లోపలికి పోయింది. ముందు మాట తగ్గింది. తర్వాత తల దువ్వుకోవడం మానేసింది. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నేయకుండా కూర్చునేది. పిలిస్తే పలికేది కాదు. నాకు అక్షరాలన్నీ వచ్చేశాయి, ఒత్తులు మాత్రం మిగిలాయి, నేనే గంజిలో వేలు ముంచి బండ మీద రాసి, "అత్తా, సరిపాయనా సూడు" అంటే గోడ వైపు తిరిగేది. ఒక మధ్యాహ్నం అమ్మ నీళ్లకు పోయి చూస్తే బావి గట్టు మీద కాళ్లు లోపలికి వేసుకుని కూర్చుని ఉంది. అమ్మ బిందె అక్కడే వదిలేసి, వెనక నుంచి రెండు చేతులతో నడుము పట్టుకుని తీసుకువచ్చింది. ఆ రాత్రి అన్నం దగ్గర అమ్మ నాయనతో ఒకే మాట అంది. "కర్నూలుకు పిల్చకపోతావా, నన్ను పొమ్మంటావా?"

అత్త నా చెయ్యి పట్టుకుంటే తప్ప కదలదు కాబట్టి నన్ను కూడా తీసుకుపోయారు. బస్సులో ఆమె కొంగు నిండుగా కప్పుకుని కిటికీ పక్కన కూర్చుంటే, ముందు సీటావిడ వెనక్కి తిరిగి చూసి లేచి వేరే చోటికి పోయింది. ఆసుపత్రిలో డాక్టరు పెద్దాయన. అత్త మోచెయ్యి వట్టి చేతులతో పట్టుకుని, తిప్పి, వెలుతురులో చూశాడు. ఆమె ఉలిక్కిపడింది. ఆ మోచేతిని ఒకరు తాకి ఎన్నాళ్లయిందో. ఇది కుష్టు కాదు, అంటుకునేది కాదు, ముట్టుకుంటే రాదు, పీచుతో రుద్దితే మాత్రం పెరుగుతుంది అని ఆయన మా నాయనకు విడమరచి చెప్పాడు. తర్వాత అత్త వైపు తిరిగి, "ఏమ్మా, రాత్రిపూట నిద్రపోతున్నావా?" అని అడిగాడు. ఆమె నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. నేను, "ల్యాదు సారూ, గోడ తట్టు సూస్తాంటాది. బాయి గట్టు కాడికి పొయ్యింది" అన్నాను. నాయన నన్ను గిల్లాడు.

డాక్టరు కలం కింద పెట్టి, "చర్మం పాడైతే మనసు పాడవుతుంది, మనసు పాడైతే చర్మం ఇంకా పాడవుతుంది, ఒకదానికి మందేసి రెండోదాన్ని వదిలేస్తే లాభం లేదు. ఈ వరండా చివర మనసు డాక్టరు గది ఉంది, నేను చెప్పానని చెప్పండి" అన్నాడు.

నాయన లేచి నిలబడి, "తోలు జబ్బుకు వచ్చినాం సారూ. మా యింట్లో తిక్కోళ్లు ఎవురూ ల్యారు" అన్నాడు.

వరండాలోకి వచ్చాం. చివర ఆ గది తలుపు తెరిచే ఉంది. లోపల ఒక బల్ల, పక్కన ఒక కుర్చీ, కిటికీలో నుంచి ఎండ. అత్త ఆగింది. ఎన్నో నెలల తర్వాత ఆమె తనంత తానుగా ఎటైనా చూడటం అదే మొదటిసారి. నా చెయ్యి వదిలేసింది. ఆ తలుపు వైపు నడిచింది. నాయన వెనక నుంచి పట్టుకుని ఆపాడు. చెయ్యి పట్టుకోలేదు, కొంగు పట్టుకున్నాడు. అంటదని డాక్టరు అప్పుడే చెప్పాడు, అయినా కొంగే పట్టుకున్నాడు. "రామ్మే, బస్సు పోతాది" అన్నాడు. ఆమె కొంగు చివర చూసి, ఆయన చేతిని చూసి, తిరిగి వచ్చేసింది.

లేపనం రాస్తే మచ్చలు తగ్గాయి, మళ్లీ వచ్చాయి, మళ్లీ తగ్గాయి. రాసేది అమ్మే. జేజి తను పోయేదాకా రోజూ అత్త చేతులకు కొబ్బరినూనె రాసేది, అరచేత్తో, బరువు వేయకుండా. మనసుకు మాత్రం ఎవరూ ఏమీ రాయలేదు. అత్త ఆ వెనక గదిలోనే ఉండేది. నేను పెళ్లయి కడపకు వచ్చాక ఒక వేసవిలో అన్నం తగ్గించిందని, తర్వాత మానేసిందని, బతిమాలినా తినలేదని కబురు వచ్చింది. నేను పోయేసరికి అయిపోయింది. వీధంతా వచ్చింది ఆ రోజు. పాడె మోయడానికి చేతులకు కరువు లేదు. ఎదురింటి పెద్దమ్మ కళ్లు ఒత్తుకుంటూ, "శానా మంచిదమ్మా, ఆ పిల్ల కుంచె పడితే పడుగు పట్టు మాదిరుండేది" అని నాతోనే అంది. నేను ఆమె ముఖం మీద ఏమీ అనలేదు. అనవలసింది ఇవాళ ఇక్కడ అంటున్నాను. నాకు అన్నం పెట్టిన ప్రతి చేతికీ, నీళ్లు పోసిన ప్రతి చేతికీ రోజూ దండం పెట్టుకుంటాను. ఆ రోజు పాడె పట్టిన ఆ చేతులకు మాత్రం నా నోట దండం రాదు. రాకూడదు కూడా.

కోడలు కబురు చెప్పిన మర్నాడే కడపలో బస్సెక్కి బద్వేలు పోయాను. తమ్ముడు గుమ్మంలోనే మొదలుపెట్టాడు. వీధిలో తెలిస్తే ఎట్లా, ఆ డాక్టరు గది ముందు ఎవరైనా చూస్తే ఎట్లా అని. నేను వాడిని కూర్చోబెట్టి, మీకు ఇప్పుడు చెప్పినదంతా చెప్పాను, కొంగు సంగతితో సహా. వాడికి మేనత్త అంటే చిన్నప్పుడు వెనక గది మూసిన తలుపు, తర్వాత గోడ మీద పటం, అంతే. ఆ పటం వైపు ఒకసారి చూసి, "అయినా ఊరంతా సూస్తాది గదక్కా" అన్నాడు.

"సూడనీ. మన యింటి ఆడపిల్ల గది లోపల ఎండిపోతాంటే సూసిన ఊరే గదా, డాక్టరు కాడికి పోతాంటే కూడా సూడనీ" అన్నాను. "నువ్వు రావద్దులే. నేను పిల్చకపోతా."

వాడు లేచి బయటికి పోయాడు. ఇప్పటిదాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు.

పిల్ల బస్సులో చొక్కా చేతులు వేళ్ల దాకా లాక్కుని కూర్చుంది. కర్నూలులో అదే ఆసుపత్రి వరండా చివర, మనసు డాక్టరు గది ముందు దాకా వచ్చి ఆగిపోయి, "జేజీ, నాకు తిక్క కాదు" అంది గొంతు తగ్గించి. తెలుసమ్మా అన్నాను. దాని చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచెయ్యి నా అరచేతిలోకి తీసుకున్నాను. గరుకుగా, వెచ్చగా ఉంది. అట్లానే పట్టుకుని ఆ గడప దాటాం. లోపల ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ. నన్ను బయట కూర్చోమంది. తలుపు అవతల చాలాసేపటికి నా మనవరాలి గొంతు వినిపించింది, ఏడుపు కాదు, మాటలు. నేను బెంచీ మీద కూర్చుని తల్లికి దండం పెట్టుకున్నాను. ఆ తలుపు తెరిచి ఉంచినందుకు, ఇన్నేళ్లూ.

ఇప్పటికీ కొన్ని రోజులు అది గది తలుపు వేసుకుంటుంది. కొన్ని రోజులు అందరితో కూర్చుని తింటుంది. మళ్లీ చదువుకు పోతానంటోంది, పోతుందో లేదో తెలియదు. ఆ డాక్టరమ్మ దగ్గరికి మాత్రం పోతోంది.

మొన్న మా పాత ఊరికి పోయాను. మగ్గాలు కొన్ని మిగిలాయి. పడుగులు గంజి పట్టి తయారై వేరే ఊరి నుంచి వస్తున్నాయి, మగ్గానికి ఎక్కించుకోవడమే. వీధిలో పొద్దున్నే మోటారు సైకిళ్లు నిలబడి ఉన్నాయి, వెదురు కర్రలు పాతిన గుంతలు సిమెంటు కింద పోయాయి. ఎవరి పడుగుకూ ఎవరూ రానక్కరలేదు. కాబట్టి ఎవరు ఎవరింటికి రావడం మానేశారో కూడా వీధికి తెలియదు. అప్పట్లో అందరూ అరుగుల మీద కూర్చుని కళ్లారా చూసేవాళ్లు, ఇప్పుడు తలుపులు వేసుకుని ఉంటారు. ఏది ఎక్కువ క్రూరమో నేను చెప్పలేను. ఆ పొద్దుటి గంజి వాసన మాత్రం నాకు ఇంకా కావాలి. ఎదురింటి అరుగు వైపు మాత్రం చూడలేకపోయాను.

నా వయసు వాళ్లు ఇది చదువుతుంటే మీ దగ్గర ఒక్కటి అడుగుతాను. కొత్త నేత చీర మొదటిసారి మడత విప్పినప్పుడు ఒళ్లో కాస్త తెల్లటి గంజి పొడి రాలుతుంది కదా. దాన్ని దులిపేసేముందు మా మేనత్తను ఒక్కసారి తలచుకోండి.